చేతిలో ఇమిడే గోల్ఫ్ ఆటలు: పాత్ర లెవెల్ పెంచడం ఆటకు ప్రాణమా, పైపూతా?

తీరపుగాలి (ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం)

సభ్యులందరికీ నమస్కారం. నింటెండో వారి చేతి యంత్రం గేమ్ బాయ్ కలర్ కోసం 1999లో వచ్చిన మారియో గోల్ఫ్‌ను, గేమ్ బాయ్ అడ్వాన్స్ కోసం 2004లో వచ్చిన మారియో గోల్ఫ్ అడ్వాన్స్ టూర్‌ను ఈ మధ్య ఒకదాని వెంట ఒకటి పూర్తి చేశాను. ఈ రెండింటి గురించి మన వేదికలో ఇంతవరకు వచ్చిన మాటలన్నీ దాదాపు పొగడ్తలే కాబట్టి, నాకున్న ఒక అభ్యంతరాన్ని చర్చకు పెడుతున్నాను.

ఆడనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. పేరులో మారియో ఉన్నా, కథలో మనం మారియో కాము. అప్పుడే గోల్ఫ్‌లోకి అడుగుపెట్టిన ఒక కుర్రవాడిగానో, అమ్మాయిగానో మొదలవుతాము. క్లబ్‌హౌస్‌లో తిరుగుతాము, కనిపించినవారితో మాట్లాడి సలహాలు వింటాము, సాధన చేస్తాము, టోర్నమెంట్లు ఆడుతాము, ఆ తరువాత ఆ క్లబ్ ఛాంపియన్‌తో ముఖాముఖి తలపడతాము. మేరియన్, పామ్స్, డ్యూన్స్, లింక్స్ అనే నాలుగు క్లబ్బులను దాటుకుంటూ వెళ్తే చివరికి మారియో ఎదురవుతాడు. దారి పొడవునా అనుభవ పాయింట్లు వస్తాయి, లెవెల్ పెరుగుతుంది, పెరిగినప్పుడల్లా డ్రైవ్ (మొదటి పెద్ద షాట్) దూరానికో, నియంత్రణకో, బంతి ఎత్తుకో మనం కోరిన చోట బలం చేర్చుకోవచ్చు.

నా అభ్యంతరం ఈ చివరి అంశం మీదే. మేరియన్ క్లబ్‌లో మొదటిసారి ఆడినప్పుడు పార్ (ఆ మైదానానికి నిర్ణయించిన షాట్ల సంఖ్య) కంటే చాలా ఎక్కువ షాట్లు తీసుకున్నాను. లెవెళ్లు పెరిగాక అక్కడికే తిరిగి వెళ్తే పార్ కంటే తక్కువలో ముగించాను. ఈ మధ్యలో మెరుగుపడింది నా బొటనవేలా, లేక యంత్రంలోని ఒక అంకెనా? రెండింటినీ విడదీసి చూపే మార్గం ఆటలో ఎక్కడా లేదు. కత్తులు, మంత్రాలు ఉండే రోల్ ప్లేయింగ్ ఆటల్లో మనతోపాటు శత్రువుల బలం కూడా పెరుగుతుంది కాబట్టి లెక్క సరిపోతుంది. గోల్ఫ్‌లో శత్రువు అనదగినది 108 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఒక రంధ్రం, అది ఎవరికైనా, ఎప్పుడైనా అంతే. కొలబద్ద మారనప్పుడు కొలిచే వస్తువుకు బయటి నుంచి బరువు కట్టడం న్యాయమేనా అన్నది నా ప్రశ్న.

తప్పదనుకుంటే మొదటి పాయింట్లు ఎందులో వేయాలో కూడా చెప్పండి. మా స్నేహితుల్లో ఈ విషయంపై ఏకాభిప్రాయం లేదు.

---

ఉక్కునగరం పాతకాపు (స్టీల్ ప్లాంట్ టౌన్‌షిప్)

తీరపుగాలి గారూ, మంచి ప్రశ్న వేశారు గానీ, ఈ ఆటలను తయారుచేసినవారు ఎవరో గుర్తుంచుకుంటే మీ అభ్యంతరం సగం తగ్గుతుందని నా నమ్మకం.

రెండింటినీ రూపొందించింది క్యామెలాట్ అనే జపాన్ సంస్థ. దాన్ని నడిపే హిరోయుకి తకాహాషి, షూగో తకాహాషి సోదరులు మొదట సెగా అనే ఆటల సంస్థ కోసం షైనింగ్ వరుస రోల్ ప్లేయింగ్ ఆటలు చేశారు. 1997లో ప్లేస్టేషన్ కోసం మొదటి ఎవ్రీబడీస్ గోల్ఫ్ తీసినదీ వీరే. తరువాత ఆ వరుస క్లాప్ హాన్జ్ అనే మరో సంస్థ చేతికి వెళ్లింది, వీరు నింటెండో వైపు వచ్చారు. గేమ్ బాయ్ అడ్వాన్స్ కోసం 2001లో గోల్డెన్ సన్ చేసినదీ వీరే, ఆ ఆటకూ ఈ గోల్ఫ్ ఆటలకూ సంగీతం సమకూర్చినదీ ఒకే వ్యక్తి, మోతోయి సకురాబా. క్లబ్‌హౌస్‌లో నడుస్తుంటే ఏదో ఊరి సత్రంలో తిరుగుతున్నట్టు అనిపించడం వెనుక ఇంత చరిత్ర ఉంది. వీరికి రోల్ ప్లేయింగ్ అన్నది గోల్ఫ్ మీద పూసిన రంగు అనుకోవడానికి వీల్లేదు, రెండు పనులూ వారికి మొదటి నుంచీ చేతనైనవే.

మరొక సంగతి. ఒకే మీట మీద మూడు నొక్కులతో షాట్ కొట్టే పద్ధతి మనందరికీ అలవాటే: మొదటి నొక్కుతో గీటు కదులుతుంది, రెండో నొక్కు బలాన్ని నిర్ణయిస్తుంది, మూడోది బంతిని తాకే క్షణాన్ని నిర్ణయిస్తుంది. 1984లో ఫ్యామికామ్ అనే నింటెండో ఇంటి యంత్రం కోసం వచ్చిన నింటెండో గోల్ఫ్‌లోనే ఇలాంటి స్వింగ్ గీటు ఉంది, దాన్ని ప్రోగ్రామ్ చేసినవారు తరువాతి కాలంలో నింటెండో అధ్యక్షులైన సతోరు ఇవాటా. అంటే 1999 నాటికి ఈ పద్ధతికి పదిహేనేళ్ల వయసు వచ్చింది, సగటు ఆటగాడు కొద్ది గంటల్లో దాన్ని పట్టుకోగలడు. ఆ తరువాత అతన్ని నెలల తరబడి ఆటలో నిలపడానికి బలమైన కారణం కావాలి. ఇంట్లో టీవీ ముందు నలుగురు కూర్చుంటే పోటీయే ఆ కారణం అవుతుంది. చేతిలో పట్టుకునే యంత్రంతో బస్సులో ఒంటరిగా కూర్చున్నవాడికి ఆ పోటీ ఉండదు కాబట్టి, అక్కడ పాత్ర ఎదుగుదల ఆ బాధ్యతను మోస్తుంది. టీవీకి కలిపే నింటెండో 64 యంత్రం కోసం అదే 1999లో వచ్చిన మారియో గోల్ఫ్‌లో ఇలాంటి కథా ప్రయాణం లేకపోవడం, చేతి యంత్రపు ఆటలో మాత్రమే ఉండడం కాకతాళీయమని నేను అనుకోను.

---

లెక్కల మాస్టారు (గాజువాక)

పాతకాపు గారు చరిత్ర చెప్పారు, నేను లెక్క చెబుతాను. తీరపుగాలి గారి రెండో ప్రశ్నకు ఇది సమాధానం అవుతుంది, మొదటి దానికి కూడా కొంత అవుతుంది.

480 గజాల పార్ 5 హోల్ ఒకటి ఉందనుకుందాం. డ్రైవర్ అనే పెద్ద క్లబ్బుతో (కర్రతో) కొట్టిన బంతి 200 గజాలే పోతే, రెండో షాట్ ఎంత బాగా కొట్టినా గ్రీన్ (రంధ్రం చుట్టూ ఉండే పొట్టి గడ్డి) చేరడానికి మూడోది కావాలి. అదే 250 గజాలు పోతే రెండో షాట్‌కు 230 గజాలు మిగులుతాయి, వుడ్ క్లబ్బుతో ప్రయత్నించవచ్చు, అంటే ఈగిల్ (పార్ కంటే రెండు షాట్లు తక్కువ) ఆశ పుడుతుంది. అందుకే కొత్తవారందరూ పాయింట్లన్నీ తీసుకెళ్లి డ్రైవ్‌లో పోస్తారు.

ఇప్పుడు బంతి 5 డిగ్రీలు పక్కకు పోయిందనుకుందాం. 200 గజాల దూరంలో అది మధ్యగీత నుంచి సుమారు 17న్నర గజాలు తప్పుకుంటుంది. 250 గజాల దూరంలో అదే 5 డిగ్రీలు దాదాపు 22 గజాలవుతాయి. ఫెయిర్‌వే (మధ్యనున్న పొట్టి గడ్డి దారి) వెడల్పు 35 గజాలైతే మొదటి బంతి అంచు మీద ఆగుతుంది, రెండోది పక్కనున్న పొడవాటి గడ్డిలో, అంటే రఫ్‌లో పడుతుంది. దూరం పెరిగినంత మాత్రాన వేలి పొరపాటు పెరగలేదు, కానీ దాని ఖరీదు పెరిగింది. దీనికి తోడు, డ్రైవ్ పెంచుతూ పోయేకొద్దీ నియంత్రణ తగ్గేలా ఆటలోనే ఏర్పాటు ఉంది. కాబట్టి లెవెల్ పెంచడమంటే మునుపటి కంటే కష్టమైన షాట్‌ను మీరే ఎంచుకోవడం కూడా కావచ్చు. అది బయటి నుంచి కట్టిన బరువు అన్న మీ మాట పూర్తిగా నిలవదు.

మొదటి పాయింట్లు ఎక్కడ వేయాలంటారా? నన్నడిగితే ముందు ఇంపాక్ట్‌లో (బంతిని తాకే క్షణం కాస్త తప్పినా సరిపెట్టే గుణంలో), తరువాత నియంత్రణలో, కొంత అలవాటయ్యాక డ్రైవ్‌లో.

---

పూర్ణా మార్కెట్ కుర్రాడు

మాస్టారూ, మీరు చెప్పిన వరుసలో ఆడితే పామ్స్ క్లబ్‌లో పార్ 5 హోళ్ల దగ్గర ఆవులింతలు తప్పవండి. నేను డ్రైవ్‌లోనే వేస్తాను, రఫ్‌లో పడితే బంతిని ఎత్తి తీసే వెడ్జ్ ఉంది కదా.

---

ముడసర్లోవ దారి

నేను వీడియో ఆటలు తక్కువ ఆడతాను, అసలు గోల్ఫ్ ఎక్కువ ఆడతాను. మా అబ్బాయి ఈ చర్చ చూపించి అడ్వాన్స్ టూర్ చేతిలో పెట్టాడు, ఆ తరువాతే రాస్తున్నాను.

ముడసర్లోవ జలాశయం పక్కన ఉన్న ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో 18 హోళ్ల మైదానం ఉంది. ఒకవైపు కొండలు, మరోవైపు కొద్ది దూరంలోనే సముద్రం ఉండడం వల్ల గాలి తీరు తెలియనిదే అక్కడ స్కోరు రాదు. ఉదయం ఆరింటికి టీ (మొదటి షాట్ కొట్టే చోటు) మీద నిలబడితే ఆకు కూడా కదలకపోవచ్చు. పొద్దెక్కి నేల వేడెక్కిన తరువాత సముద్రపు గాలి లోపలికి తిరుగుతుంది, అప్పుడు ఉదయం ఏడో ఐరన్‌తో అందిన గ్రీన్‌కు ఐదో ఐరన్ తీయవలసి వస్తుంది. ఎదురుగాలిలో బలంగా కొట్టాలనుకోవడమే కొత్తవారి మొదటి కోరిక. బలంగా కొట్టిన బంతికి వెనక్కు తిరిగే గిరగిర ఎక్కువవుతుంది, ఆ గిరగిర బంతిని మరింత పైకి లేపుతుంది, పైకి లేచిన బంతిని గాలి ఇంకా ఎక్కువసేపు వెనక్కు నెడుతుంది. అనుభవమున్నవాడు అంకె ఒకటి రెండు తక్కువగా ఉండి, ఎక్కువ దూరం పోయే క్లబ్బు తీసుకుని, నెమ్మదిగా, తక్కువ ఎత్తులో పంపుతాడు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఈ ఆటలో ఎత్తు అనే అంశాన్ని వేరుగా పెట్టడం చూసి నాకు ఆశ్చర్యం కలిగింది. దూరం, గురి అనే రెండే ఉంటాయనుకున్నాను. ఎత్తుగా వెళ్లే బంతి గ్రీన్ మీద త్వరగా ఆగుతుంది గానీ గాలికి లోబడుతుంది, తక్కువ ఎత్తులో వెళ్లేది గాలిని కోసుకుపోతుంది గానీ పడ్డాక దొర్లుతుంది. ఏది మంచిదన్న ప్రశ్నకు జవాబు లేదు, ఏ మైదానంలో అన్న ప్రశ్నకే ఉంది. గాలి వీచే లింక్స్ క్లబ్‌లో తక్కువ ఎత్తు బంతి కొట్టే పాత్రకు పని సులువవుతుంది. మీ పాత్రను మీరెలా తీర్చిదిద్దారన్నది, మీరు ఏ మైదానాన్ని మనసులో పెట్టుకున్నారో చెబుతుంది. నిజ జీవితంలో మాకున్న స్వింగ్‌ను బట్టి మైదానం అనుకూలమో ప్రతికూలమో అవుతుంది, స్వింగ్‌ను కోరినట్టు మార్చుకునే అవకాశం ఈ వయసులో మాకు లేదు. ఆ మాటకొస్తే నాకు అసూయగానే ఉంది.

తీరపుగాలి గారి అసలు ప్రశ్న విషయంలో మాత్రం ఒక అడుగు ఆయన వైపే ఉంటాను. గోల్ఫ్‌కు లెవెల్ లాంటిది ఇప్పటికే ఉంది, దాని పేరు హ్యాండికాప్, అంటే ఆటగాడి స్థాయిని బట్టి ఇచ్చే షాట్ల మినహాయింపు. 2020 నుంచి అమలులో ఉన్న ప్రపంచ హ్యాండికాప్ పద్ధతిలో చివరి 20 రౌండ్లలో ఉత్తమమైన 8 రౌండ్ల సగటును బట్టి దాన్ని లెక్కిస్తారు, గరిష్ఠంగా 54 వరకు ఉండవచ్చు. ఆటగాడు మెరుగుపడేకొద్దీ ఆ అంకె తగ్గుతుంది. దాని ప్రయోజనం ఏమిటంటే, ముప్పై ఏళ్లుగా ఆడుతున్నవాడూ నిరుడు మొదలుపెట్టినవాడూ కలిసి ఆడినా పోటీ రసవత్తరంగా ఉంటుంది. లెవెల్ దీనికి సరిగ్గా వ్యతిరేకం. అది ఇద్దరి మధ్య ఎడాన్ని పూడ్చదు, ఇంకా పెంచుతుంది. ఈ ఆటల్లో లెవెల్ ఉండడం నాకు తప్పుగా తోచలేదు, హ్యాండికాప్‌కు కథలో చోటు లేకపోవడమే లోటుగా తోచింది.

---

తీరపుగాలి

ముడసర్లోవ దారి గారూ, మీ రాక వల్ల చర్చకు బరువు వచ్చింది. మాస్టారి లెక్కను ఒప్పుకుంటాను: దూరానికి ధర ఉంది. అయితే ఇంపాక్ట్ సంగతి ఏమిటి? దాన్ని పెంచితే బంతిని సరిగ్గా తాకే భాగం గీటు మీద వెడల్పవుతుంది. అంటే నా మూడో నొక్కు కాస్త ముందో వెనుకో పడినా ఆట క్షమిస్తుంది. ఎత్తు, దూరం ఎంపికలే అనుకుందాం, ఇది మాత్రం ఎంపిక కాదు, నా లోపాన్ని కప్పిపుచ్చడం. మాస్టారు అన్నిటికంటే ముందు దాన్నే పెంచమన్నారు!

---

లెక్కల మాస్టారు

అసలు మైదానంలో కూడా కొత్తవారు ముఖం వెడల్పుగా ఉండి, మధ్యలో తగలకపోయినా క్షమించే ఐరన్లనే కొనుక్కుంటారు, నిపుణులు సన్నని బ్లేడ్లకు వెళ్తారు. క్షమించడం సామగ్రిలో ఉంటే ఒప్పు, పాత్రలో ఉంటే తప్పు అంటే ఎలా, బాబూ?

---

సిరిపురం సాహితి

నేను ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్నాను. ఇంతవరకు ఎవరూ డబుల్స్ ఊసెత్తలేదు, నా దృష్టిలో అడ్వాన్స్ టూర్ గురించి మాట్లాడవలసినది అదొక్కటే.

1999 ఆటలో మనం ఒంటరివాళ్లం. 2004 ఆటలో నీల్, ఎల్లా అనే ఇద్దరున్నారు. ఒకరిని మనం ఎంచుకుంటే రెండోవారు మన జోడీ అవుతారు. సింగిల్స్‌తోపాటు డబుల్స్ పోటీలూ ఉంటాయి, అందులో ఇద్దరూ ఒకే బంతిని వంతులవారీగా కొడతారు. గోల్ఫ్‌లో దీన్ని ఫోర్‌సమ్స్ అంటారని ముడసర్లోవ దారి గారికి తెలిసే ఉంటుంది.

ఇక్కడ లెవెల్ పెంపు అర్థం పూర్తిగా మారిపోతుంది. ఒంటరి ఆటలో అన్నీ కొద్దికొద్దిగా ఉన్న పాత్రే క్షేమం. డబుల్స్‌లో ఇద్దరినీ అలా పెంచితే ఒకే మనిషి రెండుసార్లు కొట్టినట్టే ఉంటుంది, ఏ లాభమూ లేదు. నేను నీల్‌ను దూరం కొట్టేవాడిగా, ఎల్లాను ఇంపాక్ట్, నియంత్రణ ఉన్న అమ్మాయిగా పెంచాను. పార్ 4 హోల్‌లో టీ దగ్గర నీల్ వంతు వస్తే ఆనందం: అతను ఫెయిర్‌వే మీదికి పంపుతాడు, గ్రీన్‌కు చేర్చే సున్నితమైన షాట్ ఎల్లా చూసుకుంటుంది. అదే టీ దగ్గర ఎల్లా వంతు వచ్చిన హోల్‌లో లెక్కంతా తలకిందులవుతుంది. ఆమె డ్రైవ్ తక్కువ కాబట్టి నీల్‌కు పొడవాటి రెండో షాట్ మిగులుతుంది, అతని గురి అంతంత మాత్రం. అలాంటప్పుడు గ్రీన్‌కు గురిపెట్టకుండా, ఎల్లాకు అనువైన దూరం మిగిలేలా నీల్ చేత కావాలనే తక్కువ కొట్టించడం నేర్చుకున్నాను. పార్‌తో సరిపెట్టుకోవడం కూడా వ్యూహమేనని అర్థమైంది.

తీరపుగాలి గారూ, మీ ప్రశ్నకు నా జవాబు ఇందులో ఉంది. అక్కడ మెరుగుపడింది అంకె కాదు, నా వేలు కూడా కాదు. ఆ ఇద్దరి అంకెల మధ్య తేడాను ఎక్కడ ఎలా వాడాలో తెలిసిన నా బుర్ర మెరుగుపడింది. ఇద్దరి అంకెలూ సమానంగా ఉండి ఉంటే ఆలోచించడానికి ఏమీ ఉండేది కాదు.

---

ముడసర్లోవ దారి

సాహితీ, చాలా బాగా చెప్పావమ్మా. మా క్లబ్‌లో ఫోర్‌సమ్స్ ఆడేటప్పుడు సరి సంఖ్య హోళ్లలో ఎవరు టీ కొట్టాలి, బేసి సంఖ్య హోళ్లలో ఎవరు కొట్టాలి అన్న విషయం మీదే పావుగంట మాట్లాడుకుంటాము. పార్ 3 హోళ్లు ఎక్కువగా ఏ వరుసలో వస్తున్నాయో చూసి, గురి ఉన్నవాడిని అటు పెడతాము. మా హ్యాండికాప్ కూడా ఇద్దరిదీ కలిపి సగం చేస్తారు.

---

పూర్ణా మార్కెట్ కుర్రాడు

అందరూ అంకెల గురించే మాట్లాడుతున్నారు, నా ఫిర్యాదు కథ గురించి. రోల్ ప్లేయింగ్ అన్నప్పుడు కథ ఉండాలి కదండీ. ఇక్కడ క్లబ్‌హౌస్‌లో ఎవరిని కదిపినా ‘గాలి చూసుకో, వాలు చూసుకో’ తప్ప మరో మాట రాదు. పెద్ద పోరాటం లేదు, విరోధి అనదగినవాడు లేడు. ఛాంపియన్లు కూడా ఓడిపోయాక మెచ్చుకుని పంపుతారు.

కథ కావలసినవారు నింటెండో స్విచ్ యంత్రం మీద గోల్ఫ్ స్టోరీ ఆడండి. ఆస్ట్రేలియాలోని సైడ్‌బార్ గేమ్స్ అనే చిన్న బృందం చేసినది, 2017 సెప్టెంబరులో వచ్చింది. గేమ్ బాయ్ కలర్ మారియో గోల్ఫ్‌ను చూసి ముచ్చటపడి చేసిన ఆట అని చూడగానే తెలుస్తుంది. చిన్నప్పుడు నాన్న నేర్పిన ఆటను వదిలేసి, ఇరవై ఏళ్ల తరువాత మళ్లీ క్లబ్బు పట్టిన ఒకాయన కథ అది. ఎవరూ ఆయన్ని లెక్క చేయరు, కోచ్‌కు ఓపిక ఉండదు, ఇంట్లోనూ ప్రోత్సాహం అంతంత మాత్రం. దారిలో ఏ సమస్య వచ్చినా దాన్ని గోల్ఫ్ బంతితోనే పరిష్కరించాలి. ముసలివాళ్లకూ కుర్రవాళ్లకూ మధ్య ర్యాప్ పోటీ కూడా ఉంది, ఆ భాగం దగ్గర నేను నవ్వు ఆపుకోలేకపోయాను.

---

ఉక్కునగరం పాతకాపు

గోల్ఫ్ స్టోరీలో కథ బాగుంటుందన్నది నిజమే, హాస్యం ఇంకా బాగుంటుంది. అయినా షాట్ కొట్టేటప్పుడు చేతికి అందే తృప్తిలో అది క్యామెలాట్ ఆటలకు కొంచెం వెనుకే. గ్రీన్ మీద వాలు చదవడం, బంతి పడ్డాక ఎంత దొర్లుతుందో ఊహించడం పాత ఆటల్లోనే నిక్కచ్చిగా ఉంటుంది. ఆ బృందమే 2022 డిసెంబరులో తెచ్చిన స్పోర్ట్స్ స్టోరీ విడుదలప్పుడు లోపాలతో నిండి ఉంది, దాన్ని ఇందులో కలపను.

కథ పలుచగా ఉందన్న ఫిర్యాదుకు జవాబు: లోకాన్ని రక్షించే పని లేకపోవడమే నాకు ఈ ఆటల్లో నచ్చింది. ఒక ఆటగాడికి తరువాతి క్లబ్ గేటు దాటడమే పెద్ద విషయం, కథ అంతకు మించి అరవదు.

క్యామెలాట్ వారు ఈ పద్ధతిని తరువాత ఏం చేశారో కూడా చూడాలి. 2014లో నింటెండో 3డీఎస్ చేతి యంత్రం కోసం వచ్చిన మారియో గోల్ఫ్ వరల్డ్ టూర్‌లో క్యాజిల్ క్లబ్ అనే చోట, యంత్రంలో మనం తయారుచేసుకునే ‘మీ’ (Mii) అనే బొమ్మ పాత్రతో తిరుగుతాము గానీ, అనుభవ పాయింట్లూ లెవెళ్లూ లేవు. బట్టలు, క్లబ్బులు కొనుక్కుంటే వాటివల్లే గుణాలు మారుతాయి. అంటే తీరపుగాలి గారికి అభ్యంతరమైన లెవెళ్లను వదిలి సామగ్రికి మళ్లారు. ఫలితం ఏమిటంటే, ఆ ఆటలో మైదానాలు అద్భుతంగా ఉన్నా నా పాత్ర ఎవరో నాకు ఈరోజుకీ గుర్తులేదు. 2021 జూన్‌లో స్విచ్ కోసం వచ్చిన మారియో గోల్ఫ్ సూపర్ రష్‌లో గోల్ఫ్ అడ్వెంచర్ పేరుతో లెవెళ్లు తిరిగి వచ్చాయి. అందులో బంతి కొట్టి దాని వెంట పరుగెత్తాలి కాబట్టి వేగానికీ, దమ్ముకూ కూడా పాయింట్లు వేయవలసి వస్తుంది. పాయింట్లు పంచే చోట్లు పెరిగాయి గానీ, కథ త్వరగా గోల్ఫ్‌ను దాటి ఇతర విషయాల మీదికి పోయింది. పాత రెండింటిలో ఉన్న నిదానం అందులో లేదు.

---

పాత బ్యాటరీ (ద్వారకానగర్)

పాత యంత్రాలు బాగుచేసుకోవడం నా వ్యసనం. ఈ చర్చ చదివి ఎవరైనా క్యాట్రిడ్జ్‌ల (యంత్రంలో పెట్టే ఆట డబ్బీల) వేటకు బయలుదేరేలోపు కొన్ని విషయాలు చెప్పాలి.

గేమ్ బాయ్ కలర్ మారియో గోల్ఫ్ క్యాట్రిడ్జ్ లోపల ఒక నాణెం బ్యాటరీ ఉంటుంది, మీ పాత్ర లెవెళ్లన్నీ ఆ బ్యాటరీ ప్రాణంతోనే నిలుస్తాయి. అది 1999 నాటి సరుకు. ఎన్నో చేతులు మారి వచ్చిన క్యాట్రిడ్జ్‌లో బ్యాటరీ అయిపోయి ఉంటే, ఆట ఆడగలరు గానీ యంత్రం ఆపగానే పాత్ర మళ్లీ మొదటికి వస్తుంది. దాన్ని బోర్డుకు అతికించి ఉంచుతారు కాబట్టి మార్చడానికి సోల్డరింగ్ తెలిసినవారు కావాలి. బ్యాటరీ తీసిన క్షణంలో అప్పటివరకు దాచినదంతా పోతుందని ముందే తెలుసుకోండి. నాకు తెలిసిన ఒకాయన క్యాట్రిడ్జ్‌ను ఒక దుకాణంలో ఇస్తే, వారు చెప్పకుండానే బ్యాటరీ మార్చి, కొత్తగా మెరిసేలా తుడిచి ఇచ్చారు. ఆయన పెంచుకున్న పాత్ర మాత్రం తిరిగి రాలేదు.

ఏ యంత్రంలో ఏది ఆడుతుందన్నది రెండో విషయం. గేమ్ బాయ్ అడ్వాన్స్‌లోనూ, 2003లో వచ్చిన అడ్వాన్స్ ఎస్‌పీలోనూ రెండు ఆటలూ నడుస్తాయి. నింటెండో డీఎస్, డీఎస్ లైట్‌లలో అడ్వాన్స్ టూర్ నడుస్తుంది, గేమ్ బాయ్ కలర్ క్యాట్రిడ్జ్ నడవదు. డీఎస్ఐలో రెండూ నడవవు. మొదటి అడ్వాన్స్ తెరకు లోపలి వెలుగు లేదు, రాత్రి పూట దీపం కింద తల వంచుకుని ఆడాలి. బీచ్ రోడ్డు మీద మధ్యాహ్నం ఎండలో మాత్రం ఆ తెరే అన్నిటికంటే స్పష్టంగా కనిపిస్తుంది. నింటెండో యంత్రాలైన 3డీఎస్, వీ యూ (Wii U)ల ఆన్‌లైన్ దుకాణాలు 2023 మార్చిలో మూతపడ్డాయి కాబట్టి కొత్తగా ఆ దారిలో కొనే వీలు లేదు.

లెవెళ్ల విషయంలో నా అభిప్రాయం కూడా చెప్పి వెళ్తాను. 1999లో ట్రాన్స్‌ఫర్ ప్యాక్ అనే తగిలించే పరికరం ద్వారా గేమ్ బాయ్ పాత్రను నింటెండో 64 మారియో గోల్ఫ్‌లోకి తీసుకెళ్లవచ్చు. తరువాత నీల్, ఎల్లాలను కేబుల్ ద్వారా గేమ్ క్యూబ్ అనే టీవీ యంత్రంలోని మారియో గోల్ఫ్ టోడ్‌స్టూల్ టూర్‌లోకి పంపవచ్చు. బస్సులో పెంచిన పాత్ర ఇంట్లో టీవీ మీద మారియో పక్కన నిలబడి ఆడుతుందంటే, ఆ పెంపకానికి విలువ లేదని నేనైతే అనలేను.

---

తీరపుగాలి

అందరి మాటలూ చదివాను. సాహితి గారి డబుల్స్ వాదన నన్ను బాగా కదిలించింది, ఆ విషయంలో లెవెల్‌కు స్థానం ఉందని ఒప్పుకుంటున్నాను. సింగిల్స్ విషయంలో మాత్రం నా అనుమానం అలాగే ఉంది. దాన్ని మాటలతో తేల్చలేము కాబట్టి ఒక ప్రతిపాదన చేస్తున్నాను.

అడ్వాన్స్ టూర్ ఉన్నవాళ్లం నలుగురం ఒకచోట కలుద్దాం. ఇద్దరు బాగా లెవెల్ పెరిగిన పాత్రలతో, ఇద్దరు అప్పుడే మొదలుపెట్టిన పాత్రలతో మేరియన్ మైదానం ఆడాలి. మొదటి రౌండ్ తరువాత అందరం యంత్రాలు మార్చుకుని, పక్కవారి పాత్రతో ఆడాలి. లెవెల్ పెరిగిన పాత్ర ఎవరి చేతిలో ఉన్నా ఒకే స్కోరు చేస్తే నా వాదన గెలిచినట్టు. చేతిని బట్టి స్కోరు మారితే మీ వాదన గెలిచినట్టు.

---

లెక్కల మాస్టారు

పరీక్ష బాగుంది, ఒక్క లోపం ఉంది. గాలి ప్రతి రౌండ్‌కూ మారుతుంది, ఒక్కో రౌండ్‌తో ఏదీ తేలదు. తలా మూడు రౌండ్లు ఆడి సగటు తీయాలి. అప్పటికీ అది రుజువు కాదు, సూచన మాత్రమే.

---

ముడసర్లోవ దారి

నేను చూడడానికి వస్తాను, హ్యాండికాప్ లెక్క నేను రాస్తాను. కొత్త పాత్రలకు ఎన్ని షాట్లు మినహాయింపు ఇస్తే పోటీ సమానమవుతుందో ఆ సగటులే చెబుతాయి. లెవెల్ విలువ ఎంతో షాట్లలో తెలిస్తే ఈ వాదన కొంతైనా నేల మీదికి వస్తుంది.

---

సిరిపురం సాహితి

నేను వస్తాను. ఎస్‌పీ ఉంది, నీల్, ఎల్లాలు ఇద్దరూ సిద్ధంగా ఉన్నారు. చివర్లో ఒక డబుల్స్ ఆట తప్పకుండా ఉండాలి. శివాజీ పార్కు అందరికీ దగ్గరే అనుకుంటాను, ఆదివారం ఉదయమైతే నీడలో బల్లలు దొరుకుతాయి.

---

పూర్ణా మార్కెట్ కుర్రాడు

నేనూ వస్తానండి, నా పాత్రకు డ్రైవ్ తప్ప ఇంకేమీ లేదు, మీ పరీక్షకు అదొక నమూనాగా పనికొస్తుంది. నా దగ్గర గేమ్ బాయ్ కలర్ కేబుల్ ఒకటి ఉంది, తెమ్మంటారా?

---

పాత బ్యాటరీ

ఆ కేబుల్ తేవద్దు. అడ్వాన్స్ ఆటలను కలిపి ఆడడానికి అడ్వాన్స్ కేబులే కావాలి, కలర్ కేబుల్‌తో ఆ యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడవు. నా దగ్గర అడ్వాన్స్ కేబుల్ ఉంది, తెస్తాను. మాస్టారు చెప్పిన సగటుల కోసం అసలు కేబుల్ అక్కర్లేదు, ఎవరి యంత్రంలో వారు ఆడి స్కోరు కాగితం మీద రాసుకుంటే చాలు. యంత్రాలు మార్చుకునేటప్పుడు మాత్రం ఎవరూ ఎదుటివారి ఆటలో లెవెల్ పాయింట్లు ముట్టుకోవద్దు. సాహితి గారి నీల్‌కు ఎవరైనా పొరపాటున ఒక్క పాయింటు వేసినా ఆ జోడీ లెక్క చెడుతుంది.